బొగ్గా, గ్యాసా? రైలు పట్టా ముక్కా, కొన్న దాగలా? ఇంటికాడ కొలిమి పెట్టుకునేవాళ్లకు నా సలహా

మొన్న ఆదివారం బోరు మోటారు వైండింగ్‌కు తెచ్చిన ఒక పిలగాడు, పని అయ్యేదాకా కూర్చోలేక షాపు వెనక్కి వచ్చి రేకుల కింద ఉన్న నా కొలిమిని చూశాడు. హన్మకొండలో ఇంజనీరింగ్ చదువుతున్నాడట. "అన్నా, నాకూ పెట్టుకోవాలని ఉంది, గ్యాస్‌ది కొననా, బొగ్గుది కట్టుకోనా?" అని ఫోన్లో ఒక లిస్టు తీసి చూపించాడు. గ్యాస్ కొలిమి, ఆన్‌లైన్లో దాగలి (ఇనుము పెట్టి కొట్టే దిమ్మె), బెల్ట్ గ్రైండర్, తోలు ఏప్రాన్, మూడు రకాల సుత్తెలు, అన్నీ కలిపితే 60 వేలు దాటింది. ఇంతవరకు ఒక్క మేకు కూడా కాల్చి వంచలేదు. ఆ రోజు అతనికి నోటితో చెప్పిందాన్నే కొంచెం విప్పి రాస్తున్నాను, ఎందుకంటే ఈ మాట నెలకొకరైనా అడుగుతున్నారు.

ముందే చెప్తున్నా, నేను కమ్మరిని కాదు. నర్సంపేట దిక్కు ఒక ఊర్లో మోటార్లు బాగుచేసుకుంటా, రెండెకరాల పత్తి ఉంది, ఎనిమిదేళ్లుగా ఆదివారాలు కొలిమి కాడ గడుపుతున్నా. పుట్టిన దగ్గర్నుంచి సమ్మెట సప్పుడు విన్నవాళ్ల చేతికి నా చెయ్యి సరితూగదు. కాని కొత్తగా మొదలుపెట్టేవాడు ఎక్కడెక్కడ డబ్బు పారేసుకుంటాడో మాత్రం నాకు బాగా తెలుసు, అక్కడల్లా నేనూ పారేసుకున్నా కాబట్టి.

ఏది మంచిదని అడిగితే నా లెక్క ఒక్కటే. ఏది ఉంటే మీరు నెలలో ఎక్కువసార్లు మంట వెలిగిస్తారో అదే మంచిది. సుత్తె దెబ్బ కుదరాలంటే గంటలు పడాలి, ఇంకో దారి లేదు. వెలిగించాలంటేనే బద్ధకం వేసేదైనా, ఖర్చు గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తగ్గేదైనా, పక్కింటివాళ్లతో లొల్లి తెచ్చేదైనా, అది ఎంత గొప్పదైనా మీకు పనికిరాదు. కింద ఏం చెప్పినా ఈ లెక్క మీదే చెప్తున్నా.

ముందు మంట సంగతి

మన దగ్గర సులువుగా దొరికేది కట్టె బొగ్గు. సర్కారు తుమ్మ బొగ్గు, ఇస్త్రీ బండ్లవాళ్లు వాడేది అదే, ఏ చిన్న టౌన్లో అడిగినా బస్తా దొరుకుతుంది. గంధకం దాదాపు ఉండదు, పొగ తక్కువ, పది నిమిషాల్లో అంటుకుంటుంది, గాలి ఆపితే నెమ్మదిగా మగ్గుతూ ఉంటుంది తప్ప చప్పున ఆరిపోదు. మధ్యలో ఎవరో మోటారు తెచ్చినా, భోజనానికి పిలిచినా లేచి వెళ్లి రావచ్చు. నాకు రెండు మూడు గంటల పనికి ఐదారు కిలోలు అవుతుంది. దీనితో ఉన్న చికాకల్లా రెండే. ఒకటి, బస్తాలో వచ్చిన ముక్కల్ని నిమ్మకాయంత సైజుకు కొట్టుకోవాలి, పెద్ద ముక్కలు వేస్తే మధ్యలో సందులు పడి గాలి ఊరికే పోతుంది, పొడి వేస్తే గాలే ఆడదు. రెండోది, మిణుగురులు, అంటే నిప్పురవ్వలు. గాలి కొట్టగానే టపటపమని చిమ్ముతాయి. దీని గురించి చివర్లో మళ్లీ చెప్తా, ఎందుకంటే మన దిక్కు పత్తి ఉంది.

రాతి బొగ్గు అనగానే మనకు సింగరేణి గుర్తొస్తుంది. భూపాలపల్లి మనకు పక్కనే, గోదావరిఖని ఎంత దూరం, కాబట్టి కొలిమికి అంతకంటే ఏం కావాలి అని నేనూ అనుకున్నా. సింగరేణి బొగ్గు కరెంటు తయారీకి పనికొచ్చే రకం, కోకుగా (పొగంతా పోయాక మిగిలే గట్టి బొగ్గుగా) ముద్దకట్టే రకం కాదు, పైగా బూడిద శాతం ఎక్కువ. కమ్మరి పనికి మంచి రాతి బొగ్గు ఏదంటే, కాలుతూ అంచుల్లో కోకుగా మారి ముద్దకట్టి మంట చుట్టూ గోడలా నిలబడేది. ఇది అట్లా నిలబడదు. పొగ చిక్కగా వస్తుంది, గంట తిరగకముందే గాలి గొట్టం మూతి కాడ చిట్టెం (బూడిద కరిగి కట్టే ముద్ద) గట్టిపడి గాలి మూసుకుపోతుంది, సలాకతో పొడిచి ఆ ముద్దను తీస్తే తప్ప వేడి రాదు. అలవాటైన కమ్మర్లు దాంతోనే బ్రహ్మాండంగా పనిచేస్తారు, అది వాళ్ల చేతి చలవ. నేను మొదటిసారి వెలిగించిన ఆదివారం పక్కింటి పెద్దమ్మ దండెం మీద ఆరేసిన దుప్పట్లన్నీ మళ్లీ ఉతుక్కోవాల్సి వచ్చింది, నెలన్నర దాకా నాతో మాట్లాడలేదు. ఇంకో సంగతి, రోడ్డు పక్కన బిల్లు లేకుండా అమ్మే బొగ్గు బస్తాల జోలికి పోకండి, అది ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్లు చెప్పరు, పట్టుబడితే తిరగాల్సింది మీరు.

కోకు దొరికితే వేడికి తిరుగులేదు, పొగా ఉండదు. కాని అంటించాలంటే చచ్చే చావు, కింద కట్టె బొగ్గు మంట పెట్టి దాని మీద పేర్చాలి, అంటుకున్నాక కూడా గాలి ఆపితే చల్లారుతుంది. రోజంతా పనిచేసేవాడికి లాభం. వారానికి మూడు గంటలవాడికి అంత అవసరం లేదు.

ఇక గ్యాస్. నా దగ్గర మూడేళ్ల నుంచి చిన్నది ఉంది, చెడ్డదని అననే అనను. వాల్వు తిప్పితే మంట, పది నిమిషాల్లో లోపలంతా ఎర్రగా ఒకే తీరు వేడి, బూడిద లేదు, ఎత్తిపోసే పని లేదు, సాయంత్రం ఒక గంట టైముంటే ఆ గంటంతా సుత్తె పనికే పోతుంది. కత్తులు చేసేవాళ్లకు ఆ సమానమైన వేడి పెద్ద వరం. కాని అమ్మేవాళ్లు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. దాని నోరు ఎంతుందో అంత వస్తువే లోపలికి పోతుంది. కొడవలి వంపు తిరిగాక మళ్లీ కాల్చాలంటే పట్టదు, గొడ్డలి కన్ను కాడ మాత్రమే వేడి కావాలంటే కుదరదు, లోపల ఉన్నంత మేరా కాలుతుంది. బొగ్గులో అయితే ఎక్కడ కావాలంటే అక్కడ, రెండంగుళాలైనా కాల్చుకోవచ్చు. వ్యవసాయ పనిముట్లు చేద్దామనుకునేవాడికి ఇది చిన్న ఇబ్బంది కాదు.

ఇంకా, ఇంట్లో వంటకు వచ్చే 14.2 కిలోల సిలిండర్ దీనికి వాడకూడదు, చట్టం ఒప్పుకోదు. 19 కిలోల కమర్షియల్‌దో, 5 కిలోల చిన్నదో తీసుకోవాలి. చిన్నదానితో ఒక చిక్కు ఉంది. గ్యాస్ వేగంగా లాగితే సిలిండర్ చల్లబడి ఒంటి మీద మంచు పడుతుంది, ప్రెషర్ పడిపోయి మంట నీరసిస్తుంది, లోపల గ్యాస్ ఉండీ అయిపోయిందనుకుంటారు. వంట రెగ్యులేటర్ పనిచేయదు, హై ప్రెషర్‌ది, దానికి తగ్గ పైపు వేరే కొనాలి. ఎల్పీజీ గాలి కంటే బరువు, లీకయితే పైకి పోదు, నేలన పాకి గుంటల్లో నిలుస్తుంది, కాబట్టి నేల లోపలికి ఉన్న గదిలో, సంపు పక్కన పెట్టొద్దు. గ్యాస్ కొలిమి లోపల అతికించే తెల్ల సెరామిక్ ఊలు ఊపిరితిత్తులకు మంచిది కాదు, దాని మీద గట్టి పూత పూయకుండా వాడకండి. ఆ ఊలు మీద, ఇనుము అతికేటప్పుడు చల్లే వెలిగారం పడితే ఉప్పు పడ్డ మంచులా కరిగిపోతుంది, అంటే ఇనుముకు ఇనుము అతికే పని అందులో చేస్తే గోడలు తినేస్తుంది.

మా ఊరి కమ్మరి మామ ఒకసారి నా గ్యాస్ కొలిమి చూడ్డానికి వచ్చాడు. బర్నర్ హోరుకు ఇద్దరం కేకలేసుకుని మాట్లాడాల్సి వచ్చింది. ఆపేశాక అన్నాడు, "మంచిగనే ఉంది అల్లుడా, గని దీని కాడ నలుగురు కూసోని ముచ్చట పెట్టలేరు గద." నవ్వొచ్చింది గాని, ఊర్లో సగం మంది కొలిమి కాడికి వచ్చేదే ముచ్చటకు.

కాబట్టి ఊర్లో ఉండి, వెనక జాగా ఉంటే కట్టె బొగ్గుతోనే మొదలుపెట్టండి. హన్మకొండలోనో కాజీపేటలోనో గోడకు గోడ తగిలే కాలనీలో ఉండి, కత్తులు, చిన్న వస్తువులే చేస్తామంటే గ్యాస్. అపార్ట్‌మెంట్ అయితే రెండూ వద్దు, ఊర్లో ఉన్న చిన్నాయన ఇంటికి నెలకు రెండుసార్లు పోండి, ఆయనా సంతోషపడతాడు.

కట్టుకోవడానికి డబ్బులు పెట్టకండి. లారీ బ్రేకు డ్రమ్ము తుక్కులో దొరుకుతుంది, లేదంటే పాత ఇనుప బేసిన్. లోపల పుట్టమన్ను, వరి ఊక కలిపి తొక్కి మెత్తాలి, పక్కనుంచి ఒక ఇనుప గొట్టం. పుట్టమన్ను పగుళ్లు తక్కువ, వేడికి గట్టిపడుతుంది, మన ఇళ్లలో పొయ్యిలకు వాడింది అదే. కాకపోతే వారం పది రోజులు నీడన ఆరనిచ్చి, చిన్న మంటతో కాచి, ఆ తర్వాతే గాలి కొట్టాలి. పచ్చి మీద గాలి కొడితే పెచ్చులు లేచిపోతాయి. సిమెంటు గచ్చు మీద నేరుగా మంట పెట్టడం, వాగు రాళ్లు పేర్చడం అసలొద్దు, లోపలి తడి ఆవిరై పేలతాయి.

గాలికి ఏం పెట్టాలన్నది నా వృత్తికి దగ్గరి విషయం, కాబట్టి కొంచెం ఎక్కువే మాట్లాడతా. తోలు తిత్తి చూడ్డానికి ఎంత బాగుంటుందో ఎలుకలకూ అంత ఇష్టం. చెయ్యి తిప్పే బ్లోవర్ నాకు అన్నిటికంటే నచ్చింది. కరెంటుతో పని లేదు, చెయ్యి ఆపితే గాలి ఆగుతుంది, బొగ్గు వృథా కాదు, అన్నిటికంటే ముఖ్యం, మీరు ఇనుము వైపు చూస్తూనే ఉంటారు. కరెంటు బ్లోవర్ పెట్టినవాళ్లు స్విచ్ వేసి ఇంకో పనిలో పడతారు, తిరిగి చూసేసరికి ఇనుము కొస కాకరపువ్వొత్తిలా చిటపటమంటుంటుంది. అట్లా కాలిన ఇనుము మళ్లీ బాగుపడదు, ఆ ముక్క కోసి పారేయాల్సిందే. కరెంటుదే కావాలంటే పెట్టుకోండి, కాని గాలి తగ్గించడానికి ఫ్యాను రెగ్యులేటర్ తగిలించకండి. ఆ పని చేసి కాల్చుకున్న మోటార్లు నా బల్ల మీదికే వస్తాయి. గొట్టానికి అడ్డంగా జరిపే రేకు ముక్క పెట్టుకుంటే చాలు. గుండ్రటి డబ్బాలో రెక్కలు తిరిగే ఈ రకం బ్లోవర్లో దారి మూస్తే గాలి తగ్గుతుంది, దాంతో మోటారు మీద లోడు కూడా తగ్గుతుంది, పెరగదు. చాలామంది దీన్ని తలకిందులుగా అనుకుంటారు.

దాగలి

డబ్బు ఎక్కువ పోయేది ఇక్కడే. ఆన్‌లైన్లో కొమ్ము ఉన్న దాగలి ఫొటో చూస్తే మనసు ఆగదు, నాదీ ఆగలేదు. వచ్చింది పోత ఇనుముది, నీలం రంగు వేసి మెరుస్తోంది. రెండు నెలల్లో మొహం గుంటలు పడింది, అంచు ఒకటి పెచ్చు లేచింది. కొనేముందు చేయాల్సిన పరీక్ష చిన్నదే. బేరింగులోంచి తీసిన ఉక్కు గోళీని పదంగుళాల ఎత్తు నుంచి దాని మీద వదలండి. మంచి ఉక్కు దాగలి అయితే ఏడెనిమిది అంగుళాల దాకా ఎగిరి వస్తుంది, పోత ఇనుముదైతే రెండు మూడు అంగుళాలు ఎగిరి చచ్చుబడిపోతుంది. సుత్తెతో తట్టినా తెలుస్తుంది, ఒకటి గంటలా మోగుతుంది, ఇంకోటి పెంకులా. ఆన్‌లైన్లో కొంటే ఈ పరీక్ష చేసే వీలు లేదు, అదీ అసలు సంగతి.

రైలు పట్టా ముక్క మంచి ఉక్కు. మన దగ్గర వాడే పట్టా మీటరుకు 52 కిలోలు, 60 కిలోలు ఉంటుంది, అంటే మూరెడు ముక్క వచ్చినా పాతిక కిలోలు. ఫోటోల్లో అందరూ దాన్ని పట్టా ఎట్లా ఉంటుందో అట్లనే పడుకోబెడతారు. అట్లా పెడితే మధ్యలో సన్న నడుము మీద దెబ్బ పడి ఊగుతుంది, మోగుతుంది, బలం సగం పోతుంది. నిలబెట్టండి. కోసిన కొస పైకి వచ్చేలా మొద్దులో దించితే దెబ్బ కింద ఆ పాతిక కిలోలూ ఉంటాయి, మొహం అరచేతిలో సగమే అయినా ఇనుము పిండిలా సాగుతుంది. నేను పడుకోబెట్టి రెండేళ్లు కొట్టాక ఈ మాట మామ చెప్పాడు. "దెబ్బ ఇనుములకు పోవాలె గని ఊగుట్లకు పోతె ఏం లాభం" అన్నాడు, ఆ ఒక్క మాటకు నా భుజం నొప్పి సగం తగ్గింది.

అయితే పట్టా ముక్క ఎక్కడ కొన్నా బిల్లు అడగండి. కాజీపేట జంక్షన్ పక్కనే ఉంది కదా అని ఎవడో సంచిలో తెచ్చిచ్చింది తీసుకుంటే 1966 నాటి రైల్వే ఆస్తి చట్టం కింద కేసు అవుతుంది, దొంగతనం మీరు చేయకపోయినా సరే, మీ దగ్గర దొరికితే చాలు. రైల్వే వేలంలో తుక్కు పాడుకున్న వ్యాపారి దగ్గర బిల్లుతో దొరికితేనే కొనండి. దొరక్కపోతే బాధ లేదు. పెద్ద సమ్మెట తలను మొద్దులో సగం దించితే అదే దాగలి. తుక్కులో దొరికే లావు షాఫ్టు ముక్కో, జేసీబీ బకెట్ పిన్నో నిలబెట్టినా సరే. అసలు మన ఊళ్ల దాగళ్లకు కొమ్మే లేదు, మొద్దులో దించిన చదరపు దిమ్మె అంతే, తరాల తరబడి కర్రులు, పారలు, గొడ్డళ్లు వాటి మీదే సాగాయి.

ఎత్తు మాత్రం చూసుకోండి. నిటారుగా నిలబడి చెయ్యి వదిలేస్తే పిడికిలి తగిలే ఎత్తు. కూర్చుని కొట్టే అలవాటుంటే ఆ లెక్క వేరు, మామ కూర్చునే కొడతాడు, నాకు మోకాళ్లు పట్టేస్తాయి.

సుత్తె గురించి పేజీలు రాస్తారు, నేను ఒక్క లైనే రాస్తా: కిలో బరువుది, అంచులు గుండ్రంగా రుద్దుకున్నది, ఒక్కటి చాలు. పట్టకారు మాత్రం పొదుపు చేయొద్దు. కమ్మరి కాడికి పోయి మీరు పట్టుకోబోయే ఇనుము మందం చెప్పి చేయించుకోండి. పట్టు కుదరని పట్టకారులోంచి ఎర్రటి ముక్క జారితే అది ఎటు పోతుందో దానికే తెలియదు, నాకు ఎడమ పాదం మీద మచ్చ ఉంది.

ఏ ఇనుము

మొదటి నెలంతా మెత్త ఇనుము మీద చెయ్యి అలవాటు చేసుకోండి, గ్రిల్లు షాపుల్లో మిగిలిన చదరపు కడ్డీ ముక్కలు చాలు. కొక్కేలు, మేకులు, పొయ్యి సలాకలు. ఆ తర్వాత పదును పట్టే ఉక్కు కావాలి, అక్కడ ఎంచుకోవడం వస్తుంది.

ఇల్లు కట్టేటప్పుడు మిగిలిన స్లాబు కడ్డీతో కత్తి చేయొచ్చా అని అందరూ అడుగుతారు. చేయొచ్చు, కోయదు. నేను మా చిన్నమ్మకు మొదటిసారి చేసిచ్చిన కూరగాయల కత్తి అదే. మూడో రోజు ఫోన్ చేసి "బిడ్డా, టమాట నలుగుతుంది తప్ప తెగుతలేదు" అంది. టీఎంటీ కడ్డీకి పై పొర మాత్రమే ఫ్యాక్టరీలో నీళ్లతో గట్టిపడి ఉంటుంది, లోపల మెత్తన, కార్బన్ తక్కువ. కొలిమిలో పెట్టగానే ఆ పై పొర గట్టిదనం కూడా పోతుంది.

కమాన్ పట్టీ అట్లా కాదు. లారీ, ట్రాలీల కింద ఉండే ఆ పట్టీల్లో అర శాతం, ఇంకాస్త ఎక్కువ కార్బన్ ఉంటుంది. పదును పడుతుంది, వంగుతుంది తప్ప చప్పున విరగదు. కొడవలి, గొడ్డలి, వేట కత్తి, వంటింటి కత్తి, దేనికైనా నేను దాన్నే చెప్తా. లారీది మందం, ఒక్కడు చేత్తో సాగదీయాలంటే ప్రాణం పోతుంది, సమ్మెట వేసేవాడు ఇంకొకడు కావాలి. టాటా ఏస్, ఆటో ట్రాలీలవి సన్నగా ఉంటాయి, ఒంటరిగా చేసేవాడికి అవే నయం. ఇంకో జాగ్రత్త. విరిగిందని తీసేసిన పాత పట్టీలో కంటికి కనపడని సన్న పగుళ్లు ఉంటాయి, నాలుగు గంటలు కష్టపడ్డాక గట్టిపరచడానికి ముంచగానే అవి బయటపడతాయి. కమాన్లు కట్టే షాపులో కొత్త పట్టీ కోసినప్పుడు మిగిలే ముక్కలు అడగండి, తుక్కు రేటుకు కొంచెం పైన ఇస్తారు, ఆ తేడా పెట్టినందుకు ఎప్పుడూ బాధపడలేదు.

పాత ఆకురాయిలో కార్బన్ ఎక్కువ, బేరింగ్ రింగులోనూ అంతే, నూటికి ఒకటి చిల్లర. ఆకురాయి పళ్ల గీతల్లో పగలకుండా చూసుకోవాలి, వేడి కొంచెం ఎక్కువైనా పాడవుతాయి. రెండో ఏడు కోసం దాచుకోండి.

తుక్కులో ఏది ఏంటో తెలియకపోతే గ్రైండర్ మీద పెట్టి నిప్పురవ్వలు చూడండి. మెత్త ఇనుము రవ్వలు పొడుగ్గా గీతల్లా పోతాయి. కార్బన్ పెరిగే కొద్దీ కొసన చిన్న చిన్న పువ్వులు పగులుతాయి, ఆకురాయి పెడితే మొత్తం గుబురుగా పూస్తుంది. తెలిసిన ముక్క ఒకటి పక్కన పెట్టుకుని పోల్చి చూస్తే నాలుగు వారాల్లో కన్ను పట్టేస్తుంది. గాల్వనైజ్డ్ పైపులు, తెల్లటి పూత ఉన్న రేకులు, బోల్టులు మాత్రం కొలిమిలో పెట్టకండి. ఆ జింకు పొగ పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది, నేను ఒకసారి పాత గేటు పైపు కాల్చి, మలేరియా అనుకుని రక్త పరీక్ష దాకా పోయా.

ఎవరో ఒకరు తప్పకుండా కోనసముద్రం ఉక్కు గురించి అడుగుతారు. నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి దిక్కు ఉన్న ఆ ఊళ్లో మూసల్లో వండిన ఉక్కు కోసం పర్షియా నుంచి వర్తకులు వచ్చి కూర్చునేవాళ్లని, అక్కడి పని చూసిన భూగర్భ పరిశోధకుడు హెన్రీ వాయిసీ రాసింది 1832లో అచ్చయింది. గర్వపడాల్సిన సంగతే. కాని మట్టి మూసలో ఇనుము కరిగేదాకా గంటల తరబడి ఆపకుండా మంట నిలపడం, తర్వాత చల్లార్చడం, ఆ గడ్డను పగలకుండా సాగదీయడం, ఇదంతా నలుగురైదుగురు వృత్తిగా చేసిన పని. ఆదివారం పని కాదది. కమాన్ పట్టీతో కొడవలి చేయండి, ఉత్తర తెలంగాణ పరువు దానితో కూడా నిలుస్తుంది.

పాయనం, అంటే కాల్చిన ఉక్కును ముంచి గట్టిపరచడం, దాని దగ్గర నీళ్లా, నూనెనా? మామ నీళ్లే వాడతాడు, కొస మాత్రమే ముంచి, తీసి, రంగు పరుగెత్తేది చూసి మళ్లీ ముంచుతాడు, ఆ లెక్క ఆయన కంట్లో ఉంది. నేను ఆయన్ని చూసి కొడవలి మొత్తం ఒకేసారి బకెట్లో ముంచితే 'టిక్' మని చిన్న శబ్దం వచ్చింది. ఆ శబ్దం మళ్లీ వినాలని లేదు. కమాన్ పట్టీకి నూనె చాలు. పల్లి నూనె, పొద్దుతిరుగుడు, ఏదైనా సరే, మూడు నాలుగు లీటర్లు ఇనుప డబ్బాలో, చెయ్యి పెట్టగలిగేంత గోరువెచ్చగా. ప్లాస్టిక్ బకెట్ వద్దు, మూత పక్కనే ఉండాలి, మంట లేస్తే మూసేయడానికి. ఇంజిన్ ఆయిల్ ఊరికే వస్తుంది కదా అని వాడేవాళ్లున్నారు, ఆ పొగ వాసన మూడు రోజులు ముక్కులోంచి పోదు, పైగా అందులో ఏమేం ఉంటాయో.

ఎప్పుడు ముంచాలో తెలియడానికి పాత స్పీకర్ అయస్కాంతం తీగకు కట్టి పెట్టుకోండి. ఉక్కు 770 డిగ్రీల దగ్గర అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది దాటి ఇంకో రవ్వంత వేడి, రంగు కొంచెం తేలగానే ముంచాలి. ఈ పని ఎండలో చేయొద్దు, ఎండలో ఎర్రదనం కనపడక ఎక్కువ కాల్చేస్తారు. పొద్దుగూకే వేళ మంచిది. ముంచాక అది గాజులా పెళుసుగా ఉంటుంది, వెంటనే 200 డిగ్రీల చుట్టుపక్కల గంటసేపు, రెండుసార్లు వెచ్చబెట్టాలి. ఇంట్లో కేకుల ఓవెన్ ఉంటే అదే చాలు, నూనె కడిగి పెట్టండి, లేకపోతే ఆ గొడవ వేరే. ఓవెన్ లేకపోతే మెరుగు పెట్టిన అంచును కాలిన ఇనుప దిమ్మె మీద పెట్టి రంగు చూడాలి. కత్తికి ఎండుగడ్డి రంగు రాగానే ఆపాలి, గొడ్డలికి ఊదా రంగు దాటి నీలం దాకా పోనీయొచ్చు.

బెల్ట్ గ్రైండర్ మొదటి ఏడు కొనకండి. చిన్న యాంగిల్ గ్రైండర్, ఒక మంచి ఆకురాయి చాలు. దాగలి మీద రూపు సరిగ్గా తెస్తే రుద్దేది తక్కువే ఉంటుంది, గ్రైండర్ ఉంటే సుత్తె బద్ధకిస్తుంది.

ఇక ఎప్పుడు మొదలుపెట్టాలి అన్నది కూడా చూసుకోవాలి. ఏప్రిల్, మే నెలల్లో మన ఎండకు పొద్దున ఐదింటికి వెలిగించి ఎనిమిదింటికి ఆపాల్సిందే. దసరా దాటాక చల్లగా హాయిగా ఉంటుంది గాని, అప్పుడే పత్తి ఇళ్లకు వస్తుంది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోయేదాకా గదుల్లో, వాకిట్లో పోగులు పోస్తారు, పెరట్లో గడ్డివాములు. ఒక్క మిణుగురు చాలు. పత్తి ఇంట్లో ఉన్న ఆ నెలన్నర రెండు నెలలు నేను బొగ్గు కొలిమి వెలిగించను, చిన్న పనేదైనా ఉంటే గ్యాస్ మీద. నేను గ్యాస్ కొన్నదే అందుకు, లేకపోతే కొనకపోదును. ఒంటి మీద కూడా నూలు బట్టలే వేసుకోండి, టెరికాటన్ చొక్కాకు నిప్పు తగిలితే కరిగి చర్మానికి అతుక్కుంటుంది. సుత్తె పట్టే చేతికి గ్లవుజు వద్దు, కళ్లద్దాలు మాత్రం తప్పనిసరి.

చివరగా నేర్చుకోవడం వీడియోల్లోనా, కమ్మరి దగ్గరనా? వీడియోలు నేనూ చూస్తా, పేర్లు తెలుస్తాయి, వరస తెలుస్తుంది. దెబ్బ బరువు తెలియదు. ఊర్లో కొలిమి ఇంకా ఆరకుండా ఉంటే పోయి కూర్చోండి. కాని మృగశిర కార్తె ముందు పోకండి, ఊరంతా పారలు, గొర్రులు పట్టుకుని లైన్లో ఉంటారు, మీ ప్రశ్నలకు టైముండదు. దసరా ముందు కూడా అంతే. మాఘంలోనో ఫాల్గుణంలోనో పోండి. ఒక బస్తా బొగ్గు తీసుకుపోండి, డబ్బులివ్వబోతే తీసుకోడు, బొగ్గు కాదనడు. పోయి నేరుగా బ్లోవర్ పిడి పట్టుకోండి, ఇంట్లో పిల్లలెవరూ ఇప్పుడు ఆ పని చేయడం లేదు. నేను మొదటి మూడు వారాలు తిప్పడమే చేశా. నాలుగో వారం ఆయనే పట్టకారు నా దిక్కు జరిపాడు.